పిల్లల చదువు ఎక్కడ: హనుమకొండా, దుబాయా, డల్లాసా, జర్మనీయా?

పోయిన నెల మా చిన్నమ్మ కొడుకు దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, మావోనికి ఆరేండ్లు పడుతున్నయ్. ఒకటో తరగతి ఇక్కడ్నే చేర్పియ్యాల్నా, హనుమకొండకు పంపాల్నా? నువ్వు రెండు దిక్కుల చూసినవు గదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు.

ఒక్క మాటతో తేలే ముచ్చట కాదది. గంటన్నర మాట్లాడాను. ఇదే ప్రశ్న ఏడాదికి నలుగురైదుగురు అడుగుతున్నారు కాబట్టి ఆ మాటల్నే కొంచెం సర్ది రాస్తున్నాను. మా ఆయన ఉద్యోగం మీద మేం జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర నాలుగేళ్ళున్నాం. మా వాడు అక్కడ మూడో తరగతి దాకా చదివి, నాలుగుకు హనుమకొండ వచ్చాడు. మా ఆడబిడ్డ వాళ్ళు డల్లాస్ పక్కన ఉంటారు. దుబాయ్‌లో ఈ తమ్ముడు. జగిత్యాల దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో ఏ గల్లీలో చూసినా గల్ఫ్ పోయినవాళ్ళే. నాకు దగ్గరగా తెలిసింది ఈ నాలుగు చోట్ల సంగతి.

అందరూ ముందు సిలబస్ అడుగుతారు. సీబీఎస్ఈనా, స్టేటా, ఐబీనా అని. నేను ముందు అడిగేది వేరే: సాయంత్రం పిల్లాడు ఇంటికొస్తే తలుపు ఎవరు తీస్తారు? బడి ఎంత గొప్పదైనా ఆరేడు గంటలే. ఆ తర్వాత పడుకునే దాకా వాడు ఎవరి దగ్గర ఉంటాడు, ఏ భాష మాట్లాడతాడు, గేటు దాటి ఒక్కడే బయటికి వెళ్ళగలడా అన్నవి చోటును బట్టి పూర్తిగా మారిపోతాయి. ఫీజు, ర్యాంకు ఎలాగూ అందరూ చూసుకుంటారు. దీన్ని మాత్రం టికెట్ కొన్న తర్వాత ఆలోచిస్తారు.

జర్మనీ

మన దగ్గర ఎల్‌కేజీ, యూకేజీ అంటాం కదా, అందులో 'కేజీ' జర్మన్ మాట. కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. ఫ్రోబెల్ అనే ఆయన 1837లో అక్కడ చిన్నపిల్లల కోసం ఆటల బడి మొదలుపెట్టి, 1840లో ఆ పేరు పెట్టాడు. ఆ పేరు పుట్టిన దేశంలో కిండర్‌గార్టెన్‌లో అక్షరాలు దిద్దించరు. వానైనా చలైనా బురదలో ఆడిస్తారు. మనం పేరు తెచ్చుకుని లోపల హోంవర్క్ పెట్టుకున్నాం. మా వాడు ఐదేళ్ళప్పుడు అక్కడ చేరితే నాకు రోజూ టెన్షనే. వరంగల్‌లో వాడి ఈడు పిల్లలు మూడు అంకెల కూడికలు చేస్తుంటే వీడు జేబుల్లో పుల్లలు, నత్తగుల్లలు వేసుకుని వస్తున్నాడని.

ఆరేళ్ళకు ఒకటో తరగతి. ఆ మొదటి రోజు వాళ్ళకు పెద్ద పండగ. పిల్లాడి నడుము దాకా వచ్చే రంగురంగుల అట్ట గొట్టంలో చాక్లెట్లు, పెన్సిళ్ళు నింపి చేతికిస్తారు. తాతలు, అమ్మమ్మలు అందరూ వస్తారు. మనం బాసరకు తీసుకుపోయి అక్షరాభ్యాసం చేయించినట్టే. తేడా ఒకటే. మన పిల్లాడికి పలక మీద చేయి పట్టి దిద్దించేటప్పుడు వాడికి సరిగ్గా మాటలు కూడా రావు, వాళ్ళ పిల్లాడికి అప్పటికే సొంతంగా బూట్లు కట్టుకోవడం వచ్చి ఉంటుంది.

బూట్ల సంగతి ఊరికే అనలేదు. రెండో వారంలో టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది. మా వాడి బ్యాగు నేను మోస్తున్నానని, లేసులు నేను కడుతున్నానని, కోటు నేను విప్పుతున్నానని చెప్పి, ఇక ఆపేయమంది. బడి గేటు దగ్గర ఒక బోర్డు ఉండేది: "ఇక్కడి నుంచి మేం ఒక్కళ్ళమే వెళ్ళగలం." అమ్మానాన్నలు దాటకూడని గీత అన్నమాట. అక్కడి చాలా బడుల్లో ఇలాంటి బోర్డు కనబడుతుంది. మొదట్లో నాకు కోపం వచ్చింది, నా కొడుకు బ్యాగు నేను మోస్తే మీకేం అని. మూడు నెలలకు వాడు పక్కింటి పిల్లతో కలిసి ఇంటి నుంచి బడికి నడిచి పోయి వచ్చేవాడు. పన్నెండు నిమిషాల దూరం, రెండు సిగ్నళ్ళు. నాలుగో తరగతి పిల్లలకు పోలీసులే వచ్చి సైకిల్ పరీక్ష పెడతారు. ఈత బిళ్ళ కూడా ఉంటుంది, 'సముద్రపు గుర్రం' అంటారు. 25 మీటర్లు ఈది, భుజాల లోతు నీళ్ళలోంచి ఒక వస్తువు తీసుకొస్తే ఇస్తారు, దాన్ని ఈత చెడ్డీకి కుట్టుకుంటారు. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ ఉన్న ఊరివాళ్ళం మనం. మన పిల్లల్లో ఎంతమందికి ఈత వచ్చు? ఎండాకాలం సెలవుల్లో పేపరు తీస్తే చెరువుల్లో, బావుల్లో మునిగిన పిల్లల వార్తలు చదువుతూనే ఉంటాం.

ఒక తమాషా చెప్పాలి. అక్కడ మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా. ఒకటి అన్నిటికన్నా మంచిది, ఆరు తప్పినట్టు. మొదట్లో మార్కులే ఉండవు, పిల్లాడి గురించి మాటల్లో రాసిస్తారు. మూడో తరగతిలో మా వాడికి లెక్కల్లో ఒకటి వచ్చింది. వీడియో కాల్‌లో మా అత్తమ్మకు సంబరంగా చెప్పాడు, "నానమ్మా, లెక్కల్ల నాకు ఒకటి!" ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పోనీ బిడ్డా, వచ్చేసారి జెర ఎక్కువ తెచ్చుకో" అంది.

ఇక అక్కడి చిక్కులు. బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. సాయంత్రం దాకా ఉంచుకునే ఏర్పాటు దొరకాలంటే వెయిటింగ్ లిస్టు. నాలుగేళ్ళలో నేను ఉద్యోగం చేసింది ఎనిమిది నెలలే, కారణం ఇదే. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలతో మొదలుపెట్టి, రోజంతా ఉంచుకునే చోటు హక్కుగా ఇవ్వాలని చట్టం చేశారు కాబట్టి ఇప్పుడు వెళ్ళేవాళ్ళ పరిస్థితి కొంచెం మెరుగు కావచ్చు. రెండో చిక్కు సెలవులు. బడి ఎగ్గొట్టడం అక్కడ చట్టరీత్యా తప్పు, అమ్మానాన్నలకు జరిమానా పడుతుంది. సద్దుల బతుకమ్మకు ఊరికి పోదామంటే కుదరదు. నాలుగేళ్ళు వంటింట్లో ఫోన్‌లో పాట పెట్టుకుని, సూపర్‌మార్కెట్ చామంతులతో పేర్చాను.

అన్నిటికన్నా పెద్దది నాలుగో తరగతి తర్వాతది. పదేళ్ళకే పిల్లల్ని దారులుగా విడదీస్తారు. యూనివర్సిటీ వైపు పోయే గిమ్నాజియం ఒకటి, చేతిపని, ఉద్యోగ శిక్షణ వైపు పోయే బడులు ఇంకొన్ని. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో ఆరో తరగతి దాకా ఆగుతారు. తర్వాత దారి మారే వీలు ఉంది కానీ కష్టం. ఐదారేళ్ళకు వెళ్ళిన పిల్లలు భాష పట్టేసుకుని గట్టెక్కుతారు. తొమ్మిదేళ్ళకు వెళ్ళిన పిల్లాడు భాష కుదిరేలోపే దారి ఖరారవుతుంది. మూడు, నాలుగు తరగతుల వయసు పిల్లలతో జర్మనీ వెళ్ళేవాళ్ళు ఈ ఒక్కటీ చూసుకోండి.

హనుమకొండ

తిరిగొచ్చాక మా వాడిని చేర్చిన బడి పేరు చెప్పను, అది ఆ ఒక్క బడి తప్పు కూడా కాదు. మొదటి రోజు వచ్చి, "అమ్మా, మేడమ్ ప్రశ్న అడిగింది, జవాబు కూడా ఆమెనే చెప్పింది. మరి మేమెందుకు?" అన్నాడు. మొదటి పరీక్షలో సైన్స్ జవాబులు సొంత మాటల్లో రాశాడు. నోట్సులో ఉన్నట్టు లేదని మార్కులు కోశారు. వాడి బ్యాగు ఒకసారి మా గల్లీ కిరాణా కొట్టు కాంటా మీద పెడితే ఐదున్నర కిలోలు తూగింది. వాడి బరువు 26. పిల్లాడి బరువులో పది శాతానికి మించి బ్యాగు ఉండొద్దని 2020లో కేంద్రం పాలసీ ఇచ్చింది. ఆ లెక్కన రెండు కిలోల ఆరు వందల గ్రాములు మోయాలి. మరి ఇక్కడ బ్యాగు మోసింది ఎవరు? తాత. గేటు దాకా కాదు, క్లాసు రూములో బెంచీ దాకా. జర్మనీ నాలుగేళ్ళ కష్టం పది రోజుల్లో నీళ్ళ పాలు.

అయినా మేం తిరిగొచ్చినందుకు బాధపడలేదు. సాయంత్రం నాలుగుంబావుకు ఆటో దిగితే తలుపు తెరిచే ఉంటుంది. నానమ్మ సర్వపిండి పెనం మీద వేసి ఉంటుంది. మేనత్త పిల్లలు, పక్కింటి పిల్లలు, గల్లీ క్రికెట్, వినాయక చవితికి చందాలు. వాడికి ఇంత మంది మనుషులు జర్మనీలో ఎప్పుడూ లేరు. అక్కడ ఒక స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి పోవాలంటే వారం ముందు అమ్మలు మాట్లాడుకుని టైం పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పులేసుకుంటే చాలు. ఇంకొకటి, తాత ఇరవై ఎక్కాలు అప్పజెప్పించాడు. నేను మొదట వద్దన్నాను, బట్టీ అని. ఇప్పుడు కిరాణా కొట్టులో చిల్లర లెక్క నాకంటే ముందు చెబుతాడు. బట్టీ పట్టకూడనివి ఎన్నో ఉన్నాయి, ఎక్కాలు వాటిలో లేవని ఒప్పుకుంటున్నాను.

ఇక్కడి అసలు చిక్కు చిన్న తరగతుల్లో లేదు, ఎనిమిది నుంచి మొదలవుతుంది. నయీంనగర్ దాటి భీమారం వైపు ఒకసారి వెళ్ళి హోర్డింగులు చూడండి, ర్యాంకుల కింద పాస్‌పోర్టు ఫొటోలు. ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆరో తరగతి నుంచే మొదలుపెట్టిన బడులున్నాయి. పదో తరగతి అయ్యాక రెండేళ్ళు ఎంపీసీనో బైపీసీనో, పొద్దున నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా. అప్పుడు ఇంట్లో తలుపు తీసే మనిషి ఉన్నా పిల్లాడు రాడు, హాస్టల్లో ఉంటాడు. నానమ్మ దగ్గర పెరగాలని ఇండియాకు తెచ్చి, పదకొండో ఏట హాస్టల్లో వేసినవాళ్ళను చూశాను. అలాంటప్పుడు ఎందుకు తెచ్చినట్టు?

దెబ్బల గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొచ్చేలా వేధించడాన్ని నిషేధించింది. కాయితం మీద మనం వెనకబడి లేం. చేర్పించే ముందు బడికి వెళ్ళి, ప్రిన్సిపాల్ రూములో కాదు, వరండాలో పది నిమిషాలు నిలబడండి. బెత్తం ఉందో లేదో వినబడుతుంది.

దుబాయ్

దుబాయ్ అనగానే అందరూ ఒకటే దుబాయ్ అనుకుంటారు. పిల్లల విషయానికొస్తే రెండు దుబాయ్‌లు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే యూఏఈలో నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లు ఉండాలి. అంతకు తక్కువైతే కార్మికుల క్యాంపులో రూమే, పిల్లల చదువు మాట అక్కడ రానే రాదు. ఆ సంగతి కింద చెబుతాను.

మా తమ్ముడిది మొదటి దుబాయ్. అక్కడ మనవాళ్ళకు ఉన్నవి ప్రైవేటు బడులే. ఇండియన్ సిలబస్ బడులు ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తాయి, అచ్చం ఇక్కడి సీబీఎస్ఈ లెక్క. మధ్యలో తెచ్చి ఇక్కడి సీబీఎస్ఈలో చేర్చినా పాఠం తెగదు. నాలుగు చోట్లలో ఇంత సులువుగా అటూ ఇటూ మారగలిగేది ఇదొక్కటే. దుబాయ్‌లో ప్రైవేటు బడులను ప్రభుత్వ సంస్థ తనిఖీ చేసి ఇచ్చిన రేటింగు నెట్‌లో చూసుకోవచ్చు. ఆ సదుపాయం మన దగ్గర ఉంటే ఎంత బాగుండు! హోర్డింగే ఇక్కడ రేటింగు.

లోటు ఎక్కడంటే, పిల్లల బాల్యం మొత్తం ఏసీలో గడుస్తుంది. ఇల్లు, బస్సు, బడి, మాల్. ఎండకు నాలుగైదు నెలలు బయట ఆటలుండవు. క్లాసులో మలయాళీలు, తమిళులు, ఉత్తరాది వాళ్ళు ఉంటారు, కాబట్టి పిల్లలకు ఇంగ్లిష్, హిందీ బాగా వస్తాయి. అరబిక్ కూడా తొమ్మిదో తరగతి దాకా చదవాల్సిందే. తెలుగు నేర్పే బడి దొరకడం మాత్రం కష్టం. ఇక్కడే ఒక మెలిక ఉంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి, సీబీఎస్ఈ బడులకు కూడా. ఏడో తరగతిలో దుబాయ్ నుంచి వచ్చిన పిల్లాడు 'క'కు ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియకుండా తరగతి పుస్తకం ముందు కూర్చుంటాడు. అదే పిల్లాడు నానమ్మతో గలగలా మాట్లాడతాడు. మాట వచ్చి రాత రాని పిల్లలు వీళ్ళు. చిన్నప్పుడే వారానికి రెండు గంటలు కూర్చోబెడితే పోయేదానికి, తర్వాత ట్యూషన్ మీద ట్యూషన్.

క్యాంపు దుబాయ్ సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుడుతూ ఇంట్లో. వీళ్ళకు ఎంపిక దుబాయ్‌కూ హనుమకొండకూ మధ్య కాదు. ఊరి బడి, అప్పు చేసి పంపే ప్రైవేటు బడి, గురుకులం, ఈ మూడింటి మధ్య. అడిగితే నేను గురుకులం వైపే మొగ్గుతాను, పిల్లకు ఇష్టముంటే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదలైన ఆలోచన ఇది. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలున్నాయి, చాలావాటిలో ఐదో తరగతిలో ప్రవేశ పరీక్షతో చేరతారు. వరంగల్ దగ్గర మామునూరులో నవోదయ ఉంది, దానికి ఐదో తరగతిలో ఉండగా పరీక్ష రాసి ఆరులో చేరతారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూనే 2014 మే 25న, 14 నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. అందరూ ఎవరెస్టు ఎక్కరు. హాస్టల్ తిండి బాగోలేదని, నీళ్ళు లేవని ఫిర్యాదులు వచ్చే చోట్లూ ఉన్నాయి. చేర్పించే ముందు అక్కడ చదువుతున్న పిల్లల అమ్మలతో మాట్లాడండి. తండ్రి ఫోన్‌లో మాత్రమే కనబడే ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లాడు ఒక్క తల్లి మాట వింటాడా, అదీ ఆలోచించండి. మా పెద్దమ్మ వాళ్ళ పక్కింట్లో వినలేదు.

డల్లాస్

అమెరికాలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు అంటారు. ఉంది, ఇంటి అద్దెలో ఉంది. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి రాసిపెట్టిన బడిలోనే సీటు, బడులకు డబ్బు పెద్ద భాగం ఇళ్ళ పన్ను నుంచి వస్తుంది. అందుకే మంచి బడి ఉన్న చోట ఇళ్ళు ఖరీదు, ఆ ఇళ్ళున్న చోట మనవాళ్ళు. టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. పసుపు బస్సు ఇంటి దగ్గరికి వస్తుంది.

మా ఆడబిడ్డ కూతురు నాలుగో తరగతిలో. పదిమంది ముందు నిలబడి మాట్లాడటం ఆ పిల్లకు మంచినీళ్ళ ప్రాయం. వేసవిలో వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ తన ప్రాజెక్టు గురించి పావుగంట చెప్పింది. మా వాడు ఆ సేపు కిటికీ చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ అదే పిల్ల, బడిలో ఎవరైనా తుపాకీతో వస్తే లైట్లు ఆర్పి మూలకు ఎలా నక్కాలో తమకు నేర్పించారని అంతే మామూలుగా చెప్పింది. మా అత్తమ్మ చేతిలో సకినం అట్లనే ఆగిపోయింది.

తలుపు ప్రశ్నకు అక్కడ జవాబు ఆరు నెలలకోసారి మారుతుంది. అత్తమ్మో అమ్మో విజిటర్ వీసా మీద వెళితే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆమె ఉన్నన్నాళ్ళు ఇంట్లో తెలుగు, వేడి అన్నం. ఆమె విమానం ఎక్కాక, బడి అయిన తర్వాత పిల్లల్ని ఉంచుకునే ఆఫ్టర్ కేర్. వేసవిలో పది వారాల సెలవులు, ఒక్కో వారానికి ఒక్కో క్యాంపు, దాని ఖర్చు వింటే కళ్ళు తిరుగుతాయి. పైగా మనవాళ్ళు నయీంనగర్‌ను మూట కట్టుకుని పోయారు. బడిలో పోటీ లేదని సాయంత్రం లెక్కల క్లాసు, శని, ఆదివారాలు స్పెల్లింగ్, కోడింగ్. 1985లో బాలు నటరాజన్ జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన దగ్గర్నుంచి ఆ పోటీ మన ఇళ్ళల్లో ఒక వ్రతమైపోయింది. తెలుగు కోసం సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు క్లాసులున్నాయి. దుబాయ్ కంటే డల్లాస్‌లోనే తెలుగు అక్షరాలు నేర్చుకోవడం సులువంటే మా తమ్ముడు నమ్మలేదు.

జపాన్, ఫిన్లాండ్ గురించి రెండు ముక్కలు

వాట్సాప్‌లో తిరిగేవి ఆపాలని రాస్తున్నాను. ఫిన్లాండ్‌లో ఏడో ఏట బడి మొదలవుతుంది, 1948 నుంచి అందరికీ ఉచితంగా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, ఇవి నిజం. హోంవర్క్ లేదు, పరీక్షలే లేవు అన్నది అబద్ధం. హోంవర్క్ ఉంది, ఇంటర్ వయసులో పెద్ద పరీక్షా ఉంది. జపాన్‌లో పిల్లలు తమ తరగతి తామే ఊడ్చుకుంటారు, అన్నం తామే వడ్డించుకుంటారు, గుంపుగా నడిచి బడికి పోతారు. అక్కడా సాయంత్రం ట్యూషన్ సెంటర్లు కిటకిటలాడతాయి, ఆ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మన బడుల్లో కూడా పిల్లలతో ఊడ్పిస్తే తప్పేంటి అని మా ఆయన వాదన. మన దగ్గర చీపురు ఏ పిల్లల చేతికి ఇచ్చేవాళ్ళో, ఏ పిల్లల చేతికి ఇచ్చేవాళ్ళు కాదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందరికీ వంతులు వేసి, సార్లు కూడా పట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఏ వయసులో ఎటు

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలైతే అమ్మానాన్న ఇద్దరూ ఎక్కడుంటే అక్కడే. సిలబస్ కోసం ఆరేళ్ళ పిల్లాడిని తల్లిదండ్రుల నుంచి విడదీసి నానమ్మ దగ్గరికి పంపడం నాకు నచ్చదు. ఒకటో తరగతిలో పోయిన పాఠం నెలలో వస్తుంది. తిరిగి రావాలనుకుంటే మూడు నుంచి ఐదో తరగతి మధ్య మంచి సమయం. తెలుగు రాయడం అందుకుంటారు, స్నేహాలు కుదురుతాయి. ఎనిమిది నుంచి పదో తరగతి మధ్యలో మాత్రం తప్పనిసరైతే తప్ప కదపకండి. గడ్డం మొలిచే వయసులో యాస మీద క్లాసులో నవ్వితే పిల్లలు ఇంట్లో చెప్పరు, నోరు మూసుకుంటారు.

పిల్లను డాక్టర్ చేయాలని ఉంటే లెక్క ఇంకా ముందుగా వేసుకోవాలి. తెలంగాణలో మెడికల్ సీటుకు లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్ళు ఇక్కడే చదవాలన్న నియమాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. దుబాయ్‌లో పదో తరగతి ముగించి ఇంటర్‌కు వద్దామనుకునేవాళ్ళు ఇది చదివి మళ్ళీ ఆలోచించాలి. ఆ ఏటి నోటిఫికేషన్‌లో మినహాయింపులు కూడా చూసుకోండి. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఇంకో అడ్డం. 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) తీసుకున్నవాళ్ళు నీట్, జేఈఈ లాంటి వాటిలో ఎన్ఆర్ఐ సీట్లకు, లేదా అదనంగా పెట్టే సీట్లకు మాత్రమే అర్హులు. అంతకు ముందు కార్డు ఉన్నవాళ్ళకు 2023లో సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది. అంటే ఇప్పుడు పుట్టే పిల్లలను ఐఐటీ కోసం ఇండియాకు తేవడం అనే మాటకు పెద్ద అర్థం లేదు. ఇటు నుంచి అటు వెళ్ళే పిల్లలకు వేరే గండం. తల్లిదండ్రుల హెచ్1బీ మీద ఆధారపడ్డ పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఆ వీసా పోతుంది. గ్రీన్ కార్డు క్యూ మనవాళ్ళకు ఎంత పొడుగో తెలిసిందే.

చిన్న చిన్నవి కొన్ని. ఇక్కడ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, జర్మనీలో మేమున్న చోట జూలై చివరికి గానీ ముగియవు, కాబట్టి మా వాడు ఇక్కడ నెలన్నర ఆలస్యంగా చేరాడు. టీసీ మీద అక్కడి విద్యాశాఖ ముద్ర కావాలో లేదో ఇక్కడి బడిని విమానం ఎక్కకముందే అడగండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లాడికి ఆధార్ వచ్చిన వెంటనే తీసుకోవచ్చు, ఓసీఐ పిల్లలైతే ఇక్కడ 182 రోజులు ఉండాలి.

ఇదంతా విన్నాక తమ్ముడు, "అయితే ఇక్కడ్నే మూడు దాకా చదివిచ్చి తీసుకస్త. తలుపు సంగతి అంటవా, మీ మరదలు ఇంట్లనే ఉంటది గదా" అన్నాడు.

"ఆమెను అడిగినవా?"

"ఏం అడిగేది?"

"ఇంట్లనే ఉంటదా అని."

ఫోన్ పెట్టేశాడు. రెండు రోజుల తర్వాత మరదలే చేసింది. సెప్టెంబరు నుంచి ఒక క్లినిక్‌లో ఉద్యోగం ఖాయమైందట, ఇంకా ఇంట్లో చెప్పలేదట. పిల్లాడు మూడింటికి బస్సు దిగుతాడు, ఆమె ఐదున్నరకు వస్తుంది. ఆ రెండున్నర గంటలు కింది ఫ్లోర్‌లో ఉండే మలయాళీ ఆంటీ చూసుకుంటానందట. "వాడు మలయాళం నేర్చుకుంటే నేర్చుకోనియ్ వదినా" అని నవ్వి, "ఒకటో తరగతి తెలుగు వాచకం పంపుతరా?" అని అడిగింది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుందని చెప్పాను. వద్దట, వేలు పెట్టి చదివించడానికి కాయితం పుస్తకమే కావాలట. ఇరవయ్యో తారీఖున ఎవరో దుబాయ్ పోతున్నారు, సకినాల డబ్బాతో పాటు అదీ ఇచ్చి పంపాలి.